అప్‌డేట్: నాలుక మీద చోటు మారే ఎర్రమచ్చలు

నాలుక మీద తెల్లని అంచుతో ఎర్రమచ్చలు వస్తున్నాయని, ఒకచోట మాని మరోచోట తేలుతున్నాయని, క్యాన్సరేమోనని భయంగా ఉందని ఇంతకుముందు అడిగాను. దంతవైద్యులకు చూపించమన్నవారందరికీ కృతజ్ఞతలు. రెండు వారాల క్రితం వెళ్లాను.

చూసిన నిమిషంలోనే చెప్పేశారు: ‘జియోగ్రాఫిక్ టంగ్’. మచ్చలు పటంలో దేశాల్లా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరట. నాలుక పైభాగాన నూగులాగా సన్నని బొడిపెలుంటాయి. అవి కొన్నిచోట్ల రాలిపోతే అక్కడ నున్నగా, ఎర్రగా కనిపిస్తుంది. కొన్నాళ్లకు అవి మళ్లీ పెరుగుతాయి, ఈలోగా ఇంకోచోట రాలతాయి. వరుసగా వారం రోజులు తీసిన ఫొటోలు చూపించాను. మచ్చ ఇలా చోటు మారడమే దీని గుర్తు అన్నారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే మరి! పరీక్షలేవీ అవసరం లేదన్నారు.

ఇది అంటుకోదు, క్యాన్సర్‌గా మారదు. నూటికి 1 నుంచి 3 మందిలో ఉంటుంది. సోరియాసిస్ ఉన్నవారిలో, నాలుక మీద పగుళ్లున్నవారిలో మరికాస్త ఎక్కువట. నాకు ఆ పగుళ్లు కూడా ఉన్నాయి, ఇన్నేళ్లుగా గమనించనే లేదు.

కారం, పులుపు తగిలినప్పుడు మంట పుట్టడం మామూలే. మందులేవీ ఇవ్వలేదు. ఘాటైన పుదీనా టూత్‌పేస్టు మానేశాక ఉదయంపూట మంట సగానికి తగ్గింది. మచ్చ రెండు వారాలకు మించి ఒకేచోట కదలకుండా ఉన్నా, గట్టిపడినా మళ్లీ రమ్మన్నారు.

అద్దం ముందు నాలుక చాపి చూసుకునే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.