సడ్‌బరీ ప్యూరిటన్ ఎడ్మండ్ రైస్ జీవితాన్ని రికార్డుల్లో పట్టుకోవడం ఎలా?

నాటిక్ కోడలు:

అందరికీ నమస్కారం. మేము మసాచుసెట్స్‌లోని నాటిక్‌లో ఉంటాము. మావారి అమ్మగారి పుట్టింటివారు రైస్ కుటుంబీకులు. సడ్‌బరీ పట్టణాన్ని స్థాపించిన తొలి ప్యూరిటన్లలో (ఇంగ్లండు చర్చిని సంస్కరించాలని పట్టుబట్టిన క్రైస్తవులలో) ఒకడైన ఎడ్మండ్ రైస్ తమ మూలపురుషుడని వారింట తరతరాలుగా చెప్పుకుంటారు. అత్తగారు భద్రపరచి ఇచ్చిన వంశవృక్షంలో ఎడ్మండ్‌కు పైన ఇంకా ఎన్నో తరాలు, ఏకంగా వేల్స్ రాజవంశం దాకా, అందమైన అక్షరాలతో రాసి ఉన్నాయి. మా అమ్మాయి ఈ మధ్య దాన్ని చూసి, "ఈయన రాజుగారి మనవడైతే ఇక్కడికొచ్చి పొలం ఎందుకు దున్నుకున్నాడు?" అని అడిగింది. నాకూ అదే సందేహం. రాజుల సంగతి అటుంచి, ఆ మనిషి ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు సముద్రం దాటాడు, ఇక్కడ ఎలా బతికాడు అన్నవి ఆధారాలతో చెప్పగలమా? ఇటువంటి పని చేసినవారు తమ అనుభవం పంచుకుంటే మేలు చేసినవారవుతారు.

పాతకాగితం:

అమ్మాయి సరైన ప్రశ్న అడిగింది. ఆ వేల్స్ రాజవంశపు లంకె చెల్లదని పరిశోధకులు ఏనాడో తేల్చారు. ఎడ్మండ్ వారసుల సంఘమే దాన్ని ఒప్పుకోదు. ఆయన తల్లిదండ్రులు ఎవరన్నది ఇప్పటికీ నిర్ధారణ కాలేదు కనుక, వృక్షంలో ఆయన పై గళ్ళన్నీ ఖాళీగా ఉండడమే న్యాయం. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సంపన్న అమెరికన్ కుటుంబాలకు రాజవంశాలు అంటగట్టి అమ్ముకోవడం ఒక వ్యాపారంగా సాగింది. గుస్తావ్ అంజూ అనే ఆయన కల్పించిన నకిలీ వంశావళులు ఇప్పటికీ ఆన్‌లైన్ వృక్షాల్లోకి చేరుతూనే ఉన్నాయి. ఒకరి వృక్షాన్ని ఇంకొకరు ఎత్తిరాసుకుంటూ పోతే వెయ్యిమంది చెప్పినట్టు కనిపిస్తుంది, కానీ సాక్ష్యం ఒక్కటీ ఉండదు.

మీరు చేయవలసిన మొదటి పని కింది నుంచి పైకి నడవడం. అత్తగారి జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టి, ఒక్కొక్క తరానికి తల్లిదండ్రుల పేర్లు చెప్పే కాగితం ఒకటి చేతిలో పెట్టుకుని పైకి వెళ్ళండి. మసాచుసెట్స్ పట్టణాలలో 1850 వరకు నమోదైన జనన, వివాహ, మరణాలను పట్టణాలవారీగా ముద్రించిన సంపుటాలు ఉన్నాయి. పెద్ద లైబ్రరీలలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. 1620 నుంచి 1640 వరకు దాదాపు ఇరవై వేలమంది న్యూ ఇంగ్లండుకు వలస వచ్చారు. వారిమీద రాబర్ట్ చార్ల్స్ ఆండర్సన్ దశాబ్దాలుగా చేసిన పని, 1845లో బోస్టన్‌లో ఏర్పడిన న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ పక్షాన వెలువడింది. ఏ వాక్యానికి ఏ రికార్డు ఆధారమో చెప్పే ఆ పద్ధతిని చూసి నేర్చుకోవాలి.

సఫోక్ దారిలో:

నేను ఇంగ్లండులో ఉంటాను. ఈ కుటుంబం కాకపోయినా, మా కోడలి వైపువారికోసం అవే ఊళ్ళ రిజిస్టర్లు చూశాను కనుక కొంత చెప్పగలను.

ఎడ్మండ్, థామసిన్ ఫ్రాస్ట్‌ల వివాహం 1618 అక్టోబరులో సఫోక్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో జరిగింది. థామసిన్ పక్కనే ఉన్న స్టాన్‌స్టెడ్ ఊరి పిల్ల. మొదటి పిల్లల బాప్తిస్మాలు స్టాన్‌స్టెడ్ చర్చిలో కనిపిస్తాయి. 1620ల చివరికి వచ్చేసరికి అవి హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బర్కంస్టెడ్‌కు మారతాయి. అంటే సముద్రం దాటకముందే ఈ కుటుంబం ఒకసారి ఊరు మారింది. ఈ సంగతి చెప్పే ఉత్తరమో డైరీయో అక్కర్లేకుండానే పిల్లల బాప్తిస్మాల వరుసే తండ్రి ప్రయాణాన్ని చెబుతుంది.

ఇంగ్లండులో పారిష్ రిజిస్టర్లు, అంటే ప్రతి చర్చి పరిధిలోని బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల పుస్తకాలు, రాయాలన్న ఉత్తర్వు 1538 నాటిది. 1598 నుంచి ప్రతి ఏటా నకలు బిషప్‌కు పంపాలన్న నియమం వచ్చింది. అసలు రిజిస్టరు ఎలుకలపాలైనా, తడిసినా ఆ నకలులో దొరికే అవకాశం ఉంది కనుక రెండూ చూడాలి.

ఆనాటి చేతిరాత మొదట బెదరగొడుతుంది. 'సి' అక్షరం 'ఆర్' లాగా, 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా ఉంటుంది. 'హెచ్' తోక గీత కిందికి దిగి పక్క వరుసలో చిక్కుకుంటుంది. నేను పాటించిన పద్ధతి ఏమంటే, ఆ గుమాస్తా పదే పదే రాసే 'కుమారుడు', 'కుమార్తె', 'బాప్తిస్మం' అన్న ఇంగ్లీషు మాటలను ముందు గుర్తుపట్టి, వాటిలోని అక్షరాలను ఒక కాగితంమీద విడివిడిగా దించుకుని, ఆ తరువాతే పేర్ల జోలికి వెళ్ళడం. ఇంటిపేరు రైస్, రైజ్, రాయిస్ అని రకరకాలుగా వినిపించేలా రాసి ఉంటుంది. అది చూసి వేరే కుటుంబం అనుకోవద్దు.

నాటిక్ కోడలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా వృక్షంలో వలస సంవత్సరం 1638 అని ఉంది. ఒక వెబ్‌సైటులో మాత్రం 1637 అని చూశాను. ఏది సరి? ఓడ పేరు దొరుకుతుందా?

సఫోక్ దారిలో:

ఆ తేడా ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో కొడుకు జోసెఫ్ బాప్తిస్మం చూస్తే అర్థమవుతుంది. బర్కంస్టెడ్ రిజిస్టరులో అది మార్చి 13, 1637/8 నాటిది. ఇంగ్లండులో 1752 దాకా చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కనుక జనవరి 1 నుంచి మార్చి 24 వరకు వచ్చే తేదీలు వారి లెక్కలో పాత సంవత్సరానివి, మన లెక్కలో కొత్త సంవత్సరానివి. ఆ రిజిస్టరులో 1637 అని చదివి అలాగే ఎత్తిరాసుకుంటే ఏడాది వెనక్కి పోతుంది. మన లెక్కలో అది 1638. కుటుంబం ఆ మార్చి నాటికి ఇంకా ఇంగ్లండులోనే ఉన్నదన్నమాట.

పాతకాగితం:

దానికి ఇవతలి చివర కూడా ఉంది. 1639 నాటికి సడ్‌బరీ భూమి పంపకాలలో ఎడ్మండ్ పేరు వస్తుంది. కొడుకు బెంజమిన్ 1640లో ఇక్కడే పుట్టాడు. కనుక 1638 మార్చికీ 1639కీ మధ్య దాటారని చెప్పడం సురక్షితం.

ఓడ విషయంలో జాగ్రత్త అవసరం. ఆ కాలపు ప్రయాణికుల జాబితాలు చాలా తక్కువ మిగిలాయి. 1638లో సౌతాంప్టన్ నుంచి బయలుదేరిన 'కాన్ఫిడెన్స్' ఓడ జాబితా ఉంది. పీటర్ నోయ్స్‌తో పాటు సడ్‌బరీ తొలి కుటుంబాలలో కొన్ని అందులో వచ్చాయి. అందుచేత సడ్‌బరీవారందరినీ ఆ ఓడ ఎక్కించేవారు ఉన్నారు. ఎడ్మండ్ పేరు ఆ జాబితాలో లేదు.

తేదీల గురించి ఇంకొక మాట. ప్యూరిటన్లు నెలల పేర్లలో అన్యదేవతల పేర్లున్నాయని వాటిని రాయకుండా అంకెలు వేసేవారు, వారికి మొదటి నెల మార్చి. ఎడ్మండ్ మరణం 1663 మే 3. అప్పటి పద్ధతిలో రాస్తే మూడో నెల మూడో రోజు అవుతుంది. దాన్ని నేటి లెక్కన మార్చి అని దించుకున్న వృక్షాలు కొల్లలు.

వూస్టర్ వాసి:

ఓడ దొరకలేదని దిగులుపడకండి. ఓడ రెండు మూడు నెలల సంగతి. ఆయన ఇక్కడ బతికినవి పాతికేళ్ళు, వాటికి రికార్డు పుష్కలంగా ఉంది.

మొదటిది ఫ్రీమన్ జాబితా. మసాచుసెట్స్ బే కాలనీలో 1631 నుంచి చర్చి సభ్యులకే ఫ్రీమన్ హోదా, అంటే కాలనీ ఎన్నికలలో ఓటు హక్కు, దక్కేది. ఊరికే సభ్యత్వం ఇచ్చేవారు కాదు, తన ఆత్మలో దైవకృప పనిచేసిన తీరును సంఘం ముందు నిలబడి వివరించి ఒప్పించాలి. ఎడ్మండ్ 1640 మే నెలలో ఫ్రీమన్ అయ్యాడు. ఆ ఒక్క వరుసనుంచి, అప్పటికే ఆయన చర్చి సభ్యుడని తెలుస్తుంది. తరువాత డీకన్ (చర్చిలో ఒక పెద్ద బాధ్యత) అయ్యాడు, కాలనీ శాసనసభకు సడ్‌బరీ ప్రతినిధిగా వెళ్ళాడు. కాలనీ శాసనసభ రికార్డులను నథానియెల్ షర్ట్‌లెఫ్ 1850లలో అచ్చువేయించాడు, వాటిని ఉచితంగా చదవవచ్చు.

రెండవది భూమి, నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది అదే. సడ్‌బరీ నది వెంట ఉన్న పచ్చికబీళ్ళ గడ్డే ఆ ఊరి ప్రాణం. చలికాలమంతా పశువులు బతకాలంటే ఆ ఎండుగడ్డి కావాలి. కనుక ఎవరికి ఎన్ని ఎకరాల బీడు ఇచ్చారన్నది చూస్తే ఊరిలో ఎవరి స్థానం ఏమిటో తెలిసిపోతుంది. సడ్‌బరీ పట్టణం తన పాత రికార్డులను ఆన్‌లైన్‌లో పెట్టింది. ఎడ్మండ్ ఒక్కడి పేరు వెతికి మూసేయకుండా, ఆయన పొలానికి ఉత్తరాన ఎవరు, దక్షిణాన ఎవరు అని ఎల్లలు రాసుకుంటూ వెళ్ళండి. సాక్షి సంతకాలు చేసినవారు, పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నవారు ఆ ఎల్లలలోనే దొరుకుతారు.

1650లలో సడ్‌బరీలో ఉమ్మడి భూముల పంపకం మీద పెద్ద తగవు నడిచింది. ఎదిగివచ్చిన కొడుకులకు భూమి చాలడం లేదని 1656లో కొందరు కొత్త ఊరికోసం శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. ఆ సంతకాలలో ఎడ్మండ్‌ది ఒకటి. అదే 1660లో మార్ల్‌బరో అయింది. అరవై దాటిన మనిషి, పేరు, పదవి ఉన్న ఊరు వదిలి మళ్ళీ అడవి అంచుకు కదలడం చూస్తే నాకు ఆయన స్వభావం అర్థమైనట్టు అనిపిస్తుంది. స్టాన్‌స్టెడ్, బర్కంస్టెడ్, సడ్‌బరీ, మార్ల్‌బరో, ఈ వరుసలో ఎక్కడా రాజభవనం లేదు, పిల్లలకు పొలం కావాలన్న తపన ఉంది.

సరిహద్దులు మాత్రం గుర్తుంచుకోండి. ఎడ్మండ్ తొలి ఇల్లు ఉన్న చోటు నేడు వేల్యాండ్‌లో ఉంది. అది 1780లో ఈస్ట్ సడ్‌బరీగా విడిపోయి, 1835లో వేల్యాండ్ అయింది. కనుక ఆ ఊరి పేరుతో పదిహేడో శతాబ్దపు కాగితాలు వెతికితే ఏమీ దొరకదు. మార్ల్‌బరో నుంచి వెస్ట్‌బరో 1717లో చీలింది. 1731లో వూస్టర్ కౌంటీ ఏర్పడ్డాక వెస్ట్‌బరోవారి వారసత్వపు కాగితాలు అక్కడికి మారాయి, మార్ల్‌బరోవారివి మిడిల్‌సెక్స్‌లోనే ఉన్నాయి.

అత్తింటి చరిత్ర:

ఇంతవరకు అందరూ ఎడ్మండ్ గురించే రాశారు, ఆ ఇంటి స్త్రీల గురించి కూడా చెప్పనివ్వండి. థామసిన్ పది మందికి పైగా పిల్లల్ని కని, 1654లో సడ్‌బరీలో మరణించింది. మరుసటి ఏడు ఎడ్మండ్ మెర్సీ అనే వితంతువును పెళ్ళాడాడు. ఆమె మొదటి భర్త కేంబ్రిడ్జ్‌కు చెందిన థామస్ బ్రిగమ్. తన పిల్లల్ని వెంటపెట్టుకుని రైస్ ఇంటికి వచ్చింది. ఎడ్మండ్ పోయాక విలియమ్ హంట్‌ను పెళ్ళాడింది. ఈమె కథ కావాలంటే ముగ్గురు భర్తల వారసత్వపు కాగితాలూ కలిపి చదవాలి. ఆమె కొడుకు థామస్ బ్రిగమ్ ఎడ్మండ్ మనవరాలు మేరీని చేసుకున్నాడు. మార్ల్‌బరోలో రైస్‌లు, బ్రిగమ్‌లు అంతగా కలిసిపోవడానికి కారణం ఈ తల్లే.

వితంతువుకు భర్త స్థిరాస్తిలో మూడోవంతు మీద జీవితకాలపు హక్కు ఉండేది. అదిగాక, అప్పులు తీర్చి ఆస్తి పంచడానికి మరణానంతరం ఇంటిలోని వస్తువుల జాబితా రాసేవారు. ఆనాటి అటువంటి జాబితాలు కొన్ని చదవండి. పరుపులు, దుప్పట్లు, ఇత్తడి కెటిల్, ప్యూటర్ (తగరపు మిశ్రమలోహం) పళ్ళేలు, రాట్నం, పాత బైబిలు, ప్రతి దానికీ పక్కన షిల్లింగుల్లో వెల. అప్పట్లో పరుపు ఎంత ఖరీదైన ఆస్తో, ఏ గదిలో ఎవరు పడుకునేవారో ఊహించడానికి మరే కాగితమూ ఇంత పనికిరాదు.

పెళ్ళి రికార్డులకోసం చర్చి పుస్తకాలు వెతుకుతూ కాలం వృథా చేసుకోకండి. ప్యూరిటన్లకు పెళ్ళి పౌర ఒప్పందం. పాస్టరు కాక మేజిస్ట్రేటు జరిపించేవాడు, కనుక పట్టణ, కౌంటీ రికార్డులలో చూడాలి.

జన్యురేఖ:

డీఎన్‌ఏ గురించి క్లుప్తంగా. ఎడ్మండ్ వేర్వేరు కొడుకుల సంతతిలో, తండ్రి నుంచి కొడుక్కు తెగకుండా వచ్చిన శాఖల మగవారి వై క్రోమోజోమ్‌ను పోల్చి, ఆయన వై క్రోమోజోమ్ ఎలా ఉండేదో వారసుల సంఘం పునర్నిర్మించింది. అది తండ్రి వరుసలను విభజించే సమూహాలలో ఐ1 అనే దానికి చెందింది. న్యూ ఇంగ్లండులో రైస్ ఇంటిపేరున్న ఇతర కుటుంబాలను దీనితో వేరుచేయగలిగారు. అయితే మీ అత్తగారి నుంచి వచ్చే వరుసకు ఇది నేరుగా వర్తించదు. ఆమె సోదరుడో, ఆ సోదరుడి కొడుకో పరీక్ష చేయించుకోవాలి. ఇన్ని తరాల తరువాత సాధారణ పరీక్షలో ఎడ్మండ్ అంశ మీ అమ్మాయిలో కనిపించకపోయినా, వంశం అబద్ధమని కాదు.

వేల్యాండ్ చెంత:

ఇన్ని మాటల్లో ఒకటి మిగిలిపోయింది. మార్ల్‌బరోకు అడిగిన భూమిని ఆనుకుని ఓకొమ్మకామెసిట్ అనే ఊరు ఉండేది. క్రైస్తవం స్వీకరించిన స్థానిక ప్రజలు అక్కడ సేద్యం చేసుకునేవారు. మీరుంటున్న నాటిక్ కూడా అటువంటి ఊరిగానే 1650ల మొదట్లో జాన్ ఎలియట్ అనే మతప్రచారకుడి పూనికతో మొదలైంది. స్థానిక ప్రజలకూ ఆంగ్లేయ వలసదారులకూ మధ్య కింగ్ ఫిలిప్ యుద్ధం వచ్చినప్పుడు, 1675 ఆగస్టులో కెప్టెన్ శామ్యూల్ మోస్లీ ఓకొమ్మకామెసిట్ ఊరివారిని నేరస్థులుగా పట్టి, మెడలకు తాళ్ళు కట్టి బోస్టన్‌కు నడిపించాడు. ఆ శరత్తులో నాటిక్ వారిని డీర్ ఐలండ్‌లో నిర్బంధిస్తే ఆకలికీ చలికీ ఎందరో చనిపోయారు. తరువాత ఓకొమ్మకామెసిట్ పొలాలు ఆంగ్లేయుల చేతికి వెళ్ళాయి. ఎడ్మండ్ అప్పటికి లేడు, కొడుకులు ఉన్నారు. 1676 మార్చిలో మార్ల్‌బరో, ఏప్రిల్‌లో సడ్‌బరీ దాడికి గురయ్యాయి. రైస్ కుటుంబ చరిత్ర రాసేటప్పుడు రెండువైపులా రాయాలని నా గట్టి అభిప్రాయం.

1704 ఆగస్టులో, తరువాత వెస్ట్‌బరో అయిన చోట, పొలంలో ఉన్న రైస్ పిల్లలు నలుగురిని మొహాక్ అనే స్థానిక జాతివారు ఎత్తుకుపోయారు, ఒక పసివాణ్ణి చంపారు. యాషర్ తరువాత తిరిగి వచ్చాడు, అడోనైజా కెనడాలోనే ఉండిపోయాడు. సైలస్, తిమోతి అనే ఇద్దరు మాత్రం కెనడాలోని కానవాకెలో మొహాక్‌లుగానే పెరిగి, అక్కడే పెళ్ళాడి, ఆ సమాజంలో పెద్దమనుషులుగా నిలిచారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది. ఎడ్మండ్ వారసులంటే వారు కూడా.

నాటిక్ కోడలు:

మేముండే ఊరి మొదలు ఈ కుటుంబ కథకు ఇంత దగ్గరదని నాకు తెలియదు. అందరి సలహాలూ మావారికి చదివి వినిపించాను. అత్తగారితో మాట్లాడి, వృక్షంలో ఎడ్మండ్ పై తరాలన్నీ తీసివేయడానికి ఒప్పించాము. థామసిన్, మెర్సీలకు విడి పుటలు, కానవాకె శాఖకు చోటు ఉంటాయి. మా శాఖ ఎడ్మండ్ కొడుకులలో ఎవరి నుంచి వచ్చిందో ఇంకా తేలాలి. వూస్టర్ కౌంటీ వారసత్వపు కాగితాలతో మొదలుపెట్టి పైకి వెళ్ళబోతున్నాము. వెస్ట్‌బరో రైస్‌ల మీద పనిచేసినవారెవరైనా ఉంటే దయచేసి ఇక్కడే రాయండి.