ఇండియా, నెదర్లాండ్స్ లెక్కల్లో మా బోరు మోటారు ఎటు పోయింది?

మారతహళ్ళి మేడమీద రైతు:
ఆఫీసులో ఒక పని నా నెత్తిన పడింది. సేద్యానికి వాడే కరెంటు, డీజిలు, గ్యాసు వల్ల వచ్చే గ్రీన్‌హౌస్ వాయువులు ఇండియావి ఎంత, నెదర్లాండ్స్‌వి ఎంత అని పోల్చాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లెక్కల్లో ఇండియాకి కరెంటు వాటానే కొండంత కనిపిస్తోంది. మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చే లెక్కలో వ్యవసాయం పద్దు తిరగేస్తే పశువులు, వరి మడులు, ఎరువులు... ఇవే ఉన్నాయి, మోటార్ల ఊసే లేదు. మాది అనంతపురం వైపు, నాయన ఐదు హార్స్‌పవర్ మోటారుతో బత్తాయి చెట్లకు నీళ్లు పెడతాడు. ఆ మోటారు ఏమైపోయినట్టు?

బొగ్గు కుప్ప:
ఎక్కడికీ పోలేదు బ్రో, పొగ వచ్చేది థర్మల్ స్టేషన్ చిమ్నీలోంచి కాబట్టి దేశం దాన్ని విద్యుత్ కేంద్రాల పద్దులో రాసుకుంటుంది. ట్రాక్టర్ డీజిలు కూడా వ్యవసాయం కింద రాదు, ఇంధనం అధ్యాయంలో వ్యవసాయం, అడవులు, చేపల వేట అని ఒక వరుస ఉంటుంది, అందులో వెతుకు. ఎఫ్ఏఓ వాళ్లు పొలంలో కాలిన కరెంటుని మళ్ళీ సేద్యం ఖాతాకే తెచ్చి వేస్తారు. డచ్చివాళ్లకి ఈ ఇంధనం ఎక్కువగా ఖర్చయ్యేది గాజు ఇళ్ల సేద్యంలో, సుమారు 10,000 హెక్టార్లు, వేడి కోసం గ్యాసు అక్కడికక్కడే కాలుస్తారు కాబట్టి అది నేరుగా ఆ వరుసలోనే పడుతుంది. ఇండియాకి ఒక పుస్తకం, వాళ్లకి ఇంకో పుస్తకం పట్టుకున్నావంటే రిపోర్టు గోవిందా.

వేలచ్చేరి లెక్కల మాస్టారు:
మీ నాయన మోటారు గంటకి నాలుగున్నర యూనిట్లు లాగుతుందనుకుందాం, రోజుకి 7 గంటలు, ఏడాదిలో 150 రోజులు, అంటే 4,700 యూనిట్ల పైనే. మన గ్రిడ్‌లో యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, మొత్తం 3.3 టన్నులు. అదే పని డీజిల్ ఇంజనుతో చేస్తే గంటకి లీటరు చొప్పున 1,050 లీటర్లు, లీటరుకి 2.68 కిలోలు, 2.8 టన్నులు. కరెంటు మోటారు అంటే పొగ ఉండదని నేనూ చాన్నాళ్లు అనుకున్నా! ఇదే మోటారుని జలవిద్యుత్తు మీద నడిచే నార్వేలో పెడితే దాదాపు సున్నా.

మీటరు లేని మనిషి:
మాస్టారూ, ఆ 7 గంటలు కాగితం మీదే. మా ఊళ్లో చాలా బోర్లకి మీటర్లే లేవు, ఉచిత కరెంటు కదా. ఆటో స్టార్టర్ పెట్టేస్తారు, అర్ధరాత్రి కరెంటొస్తే మోటారు దానంతటదే లేస్తుంది, మడి నిండి పొర్లుతున్నా చూసే దిక్కుండదు. మీటరు లేని చోట డిస్కమ్ (కరెంటు పంపిణీ కంపెనీ) అంచనా వేసి వ్యవసాయ వాడకం అని రాస్తుంది, లైను నష్టాలు కూడా అందులోనే కలిపేస్తారన్న విమర్శ ఎప్పట్నించో ఉంది. ఇండియా అంకె పక్కన ఈ మాట రాయకపోతే అది అంకె కాదు.

మారతహళ్ళి మేడమీద రైతు:
థాంక్స్ అందరికీ. రెండు దేశాలకీ ఎఫ్ఏఓ లెక్కే పెట్టి, కరెంటు వేరే గడిలో చూపిస్తా. ఇంకో తిరకాసు, డచ్ రైతులు గ్యాసు ఇంజన్లతో వేడితో పాటు కరెంటు కూడా తీసి గ్రిడ్‌కి అమ్ముతారట, ఆ పొగలో కొంత టమాటా మొక్కలకే వదులుతారట, అమ్మిన కరెంటు వాటా ఎవరి ఖాతాకి వేయాలి?
ఇంతకీ నాయనకి ఫోన్ చేసి రోజుకి ఎన్ని గంటలు ఆడుతుందని అడిగా. "మోటారు పైకి తీసి వైండింగ్‌కిచ్చి పది రోజులైంది, ఈ నెల నీ లెక్కలో వేసుకోవద్దు" అన్నాడు.