ఒక్కరోజు ఫ్లోరెన్స్ ట్రిప్‌లో పీసా ఉండాలా, వద్దా?

గోదారి_అల:
ఇటలీలో బొలోన్యాలో చదువుతున్న తెలుగు విద్యార్థులం పోయిన శనివారం గ్రూపుగా ఫ్లోరెన్స్ వెళ్లొచ్చాం. పొద్దున ఉఫీజీ చిత్రాల గ్యాలరీ, మధ్యాహ్నం రైల్లో పీసా, రాత్రికి తిరిగి బొలోన్యా. వచ్చినప్పటి నుంచి వాట్సాప్‌లో ఒకటే గొడవ. మార్చిలో కొత్త బ్యాచ్‌ని తీసుకెళ్లాలి. ప్లాన్‌లో పీసా ఉంచాలా, తీసేయాలా? కారణంతో చెప్పండి.

పాత_బ్యాచ్:
తీసేయాలి. ఉఫీజీకి పట్టుమని రెండు గంటలు కూడా ఇవ్వలేదు. బొట్టిచెల్లి గీసిన వీనస్ ముందు జనం కాస్త పలచబడే లోపే "రైలు, రైలు" అంటూ లాక్కెళ్లారు. లియొనార్డో, కరవాజో ఉన్న గదులు దాదాపు పరుగు మీద దాటాం. ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచీ వంశంలో చివరిదైన ఆనా మరియా లూయిజా 1737లో ఒప్పందం రాయించి, తమ కళాసంపద ఏదీ ఫ్లోరెన్స్ దాటకుండా చూసింది. ఆవిడ అంత పట్టుదలగా నిలబెట్టిన సంపదను మనం ఒక్క పూటైనా నిదానంగా చూడకపోతే ఎలా? అదంతా వదిలేసి, టవర్‌ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో దిగడానికి పీసా పోవాలా?

సివిల్_ఓరుగల్లు:
అన్నా, ఫొటో కోసం వెళ్లానని ఎవరు చెప్పారు? నేను స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. 1173లో మొదలుపెట్టిన కట్టడం, కింద మెత్తటి నేల. కడుతుండగానే ఒరిగింది. 1990లో మూసేసి, ఒరగని వైపు పునాది కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తీసి, వంపు తగ్గించి 2001లో మళ్లీ తెరిచారు. పూర్తిగా నిటారు చేయకుండా, ప్రమాదం లేనంత వరకే సరిచేసి ఆపారు. మా సాయిల్ మెకానిక్స్ క్లాసులో ఇది పాఠం. దాని పక్కన నిలబడి చూడటం నాకు చదువే. ఫ్లోరెన్స్ నుంచి గంట ప్రయాణం, అంతే.

పాత_బ్యాచ్:
గంట కాదు తమ్ముడూ. రైలు గంట, స్టేషన్ నుంచి టవర్ దాకా నడక దాదాపు అరగంట. రానూపోనూ లెక్కేస్తే మూడు గంటలు. ప్లాట్‌ఫాం మీద ఎదురుచూసింది వేరే.

సివిల్_ఓరుగల్లు:
నేను చెప్పింది రైలు గురించి. రైలు గంటే.

పాత_బ్యాచ్:
రైలు దిగగానే టవర్ ఎదురొస్తుందా? ఇంజినీరింగే కావాలంటే ఫ్లోరెన్స్‌లో పెద్ద చర్చి మీద బ్రునెల్లెస్కి కట్టిన గోపురం లేదా? 1420లో మొదలుపెట్టి పదహారేళ్లలో, కింద నుంచి చెక్క సెంట్రింగ్ పెట్టకుండా రెండు పొరలుగా ఇటుకతో లేపాడు. పైకి 463 మెట్లు. మీ సివిల్ వాళ్లు ఒక్కరైనా ఎక్కారా?

సివిల్_ఓరుగల్లు:
ఎక్కడానికి టైమ్ ఎక్కడిచ్చారు? పొద్దునంతా మీ బొమ్మల గదులకే అయింది.

ఉప్మా_ప్రియ:
ఎక్కడికి వెళ్లినా తిండి ప్లాన్ ముందు వేయండి. పులిహోర డబ్బాలు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక తిరిగాం. 2018లో ఉఫీజీ చుట్టుపక్కల కొన్ని వీధుల్లో భోజనాల వేళ పేవ్‌మెంట్ మీద కూర్చుని తింటే జరిమానా అని ఆర్డర్ వేశారట. ఆ భయంతో సగం మంది తినకుండానే రైలెక్కాం. నీళ్లకు మాత్రం ఇబ్బంది లేదు, నెప్ట్యూన్ ఫౌంటెన్ పక్కన కుళాయిలో ఉచితంగా వస్తాయి.

పాత_బ్యాచ్:
అసలు విషయం చెప్తాను. ఆసక్తి లేని ఐదారుగురు గ్యాలరీ లోపలికే రాలేదు. బయట ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్లకు బోర్ కొట్టకూడదని పీసా కలిపారు. చూడాలని ఉన్నవాళ్లు నష్టపోయారు.

నెల్లూరు_నివేదన:
ఆ బయట కూర్చున్న వాళ్లలో నేనున్నాను. నాకు ఆసక్తి లేదని మీకెవరు చెప్పారు?
టికెట్ 25 యూరోలు. మన డబ్బుల్లో రెండు వేలకు పైమాటే. నాకు వారం రోజుల కూరగాయలు, పాలు, బియ్యం అందులో వస్తాయి. స్కాలర్‌షిప్ రెండో విడత ఇంకా పడలేదు. 18 నుంచి 25 ఏళ్ల లోపు యూరోపియన్ యూనియన్ పౌరులకు 2 యూరోలే. నా పక్క బెంచీలో కూర్చునే స్పెయిన్ అమ్మాయి అదే ఉఫీజీ 2 యూరోలకు చూసొచ్చింది. నేను పూర్తి ధర కట్టాలి. అందుకే బయట లోజ్జా అనే మండపం కింద, బెన్వెనూతో చెల్లీని అనే శిల్పి చేసిన పెర్సియస్ విగ్రహం చూస్తూ కూర్చున్నాను. ఫోన్‌లో చదువుకున్నది కూడా దాని గురించే.

పాత_బ్యాచ్:
చెల్లీ, చెప్పి ఉంటే మేమే కట్టేవాళ్లం కదా.

నెల్లూరు_నివేదన:
ఇరవై మంది ఉన్న గ్రూపులో చెయ్యెత్తి "నా దగ్గర డబ్బులు లేవు" అని చెప్పాలా? ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లకు అది చిన్న మాట. పీసాలో గడ్డి మైదానం దాకా వెళ్లి టవర్‌ని చూడటానికి టికెట్ లేదు. ఆ రోజు మొత్తంలో అందరితో సమానంగా నిలబడింది నేను అక్కడే.

సివిల్_ఓరుగల్లు:
అక్కా, టవర్ ఎక్కాలంటే 20 యూరోలు. నేనూ కిందే ఉండిపోయాను. ఇక్కడ ఆ మాట అనలేదు.

గోదారి_అల:
టికెట్లు ఎవరివి వాళ్లవే అని ముందే మెసేజ్ పెట్టాను. దాచింది ఏమీ లేదు.

నెల్లూరు_నివేదన:
మెసేజ్ చూశాను. ప్లాన్ వేసేటప్పుడు ఎంతమంది కట్టగలరని అడగలేదు, నా బాధ అది. ప్రభుత్వ మ్యూజియంలు నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం. ఆ రోజు పెట్టండి. పీసా తీసేసినా నాకు అభ్యంతరం లేదు. క్యూలో ఎంతసేపైనా నిలబడతాను, వీనస్‌ని నాకూ చూడాలని ఉంది.

పాత_బ్యాచ్:
ఉచిత ఆదివారం ముందుగా బుకింగ్ ఉండదు. ఇంతమందిని వేసుకుని తెల్లవారుజామునే వెళ్లి క్యూలో నిలబడాలి. లోపలికెళ్లినా ఆ రద్దీలో ఏం కనిపిస్తుంది? నేను ఒప్పుకోను. మామూలు రోజే పెట్టి, తలా ఐదు యూరోలు ఎక్కువ వేసి అవసరమైన వాళ్లకు టికెట్ కొందాం. పేర్లు గోదారి_అల ఒక్కరికే తెలిస్తే చాలు.

నెల్లూరు_నివేదన:
ఆ ఒక్కరికి మాత్రం ఎందుకు తెలియాలి?

ఉప్మా_ప్రియ:
ఆదివారానికే నా ఓటు.

సివిల్_ఓరుగల్లు:
నాదీ ఆదివారమే. పీసాకి మా క్లాసు వాళ్లం విడిగా వెళ్తాం. రైలు గంటే.