అలూఫ్ అంటే పొగరనా?

ప్రశ్న:
ఆఫీసు రివ్యూలో మా మేనేజర్ నా గురించి ‘పని బాగా చేస్తారు, కాకపోతే కాస్త అలూఫ్’ అని రాశారు. డిక్షనరీలో ‘దూరంగా, ఎడంగా’ అని ఉంది. అంటే నాకు పొగరనా, మనుషులంటే పట్టదనా? అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. డిటాచ్డ్, ఇండిఫరెంట్ కూడా ఇదే కోవలోకి వస్తాయా?

జవాబు:
పొగరనే అన్నారని అనుకోకండి. అంటీముట్టనట్టు ఉండటం అంటాం చూడండి, అచ్చంగా అదే అలూఫ్. నలుగురూ కబుర్లాడుకుంటుంటే పక్కనే కూర్చుని, అడిగినదానికి మాత్రం బదులిచ్చి మళ్ళీ స్క్రీన్‌లో తల దూర్చే మనిషి. మనసులో ఏముందో ఆ మాట చెప్పదు, పైకి కనిపించే ఎడాన్నే చెబుతుంది. బిడియస్తుణ్ణీ అలూఫ్ అంటారు, గర్విష్ఠినీ అంటారు. చిక్కంతా అక్కడే. నేను ఇంగ్లిష్ పాఠాలు చెబుతాను, నోరు విప్పడానికి భయపడే పిల్లల మీద ఈ ముద్ర పడటం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇది అసలు ఓడలవాళ్ల మాట. ‘లూఫ్’ అంటే గాలి వచ్చే వైపు. గాలి తోపుకి ఓడ ఒడ్డుకి కొట్టుకుపోకుండా ముక్కు గాలివైపు తిప్పమని చుక్కాని పట్టినవాడికి చెప్పేవారు. 16వ శతాబ్దంలోనే ఒడ్డుకి ఎడం కాస్తా మనుషులకి ఎడం అయింది.

మరొకరు:
ఇండిఫరెంట్ వేరండీ. ఎదుటివాళ్ల కొంప మునుగుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడికి ఆ మాట. డిటాచ్డ్ అయితే సందర్భాన్ని బట్టి మారుతుంది. జడ్జి డిటాచ్డ్‌గా వాదనలు విన్నారంటే మెచ్చుకోలు, తండ్రి పిల్లలతో డిటాచ్డ్‌గా ఉంటాడంటే ఫిర్యాదు.

ప్రశ్న అడిగినవారు:
మరి ముభావం అనొచ్చా? వాక్యంలో ఎలా వాడాలి?

మొదట జవాబిచ్చినవారు:
ముభావంగా ఉన్నాడంటే ఆ పూటకి ఏదో మనసులో పెట్టుకున్నాడని. అలూఫ్ ఎక్కువగా మనిషి తీరుని చెబుతుంది. ‘షి సీమ్స్ అలూఫ్’ అంటే సరిపోతుంది. దేనికి దూరమో చెప్పాలంటే ఫ్రమ్ చేర్చాలి: ‘హి కెప్ట్ అలూఫ్ ఫ్రమ్ ఆఫీస్ పాలిటిక్స్’. ఇక్కడ తప్పుపట్టడం లేదు, చాలామంది మంచి మాటగానే తీసుకుంటారు. మీ రివ్యూలో ‘కాకపోతే’ ఉంది కాబట్టి లోటుగానే రాశారు. ఎప్పుడు, ఎవరి దగ్గర అలా అనిపించిందో మేనేజర్‌నే అడగండి. మీటింగుల్లో మాట్లాడకపోవడమా, టీమ్‌తో కలవకపోవడమా అన్నది ఆయన చెబితేనే తేలుతుంది.