నాలుగో తరగతి పాపకు లెక్కలంటే ఏడుపు. ఇంట్లో మీరేం చేస్తున్నారు?

గుంటూరు అమ్మ
మా పాప నాలుగో తరగతి, ఇంగ్లీష్ మీడియం. మిగతావన్నీ బాగానే చదువుతుంది, లెక్కల పుస్తకం తీయగానే కడుపునొప్పి అంటుంది. ఎక్కాలు 12 దాకా గడగడా అప్పజెబుతుంది. మధ్యలో ఆపి ఏడెనిమిదులు ఎంత అని అడిగితే మాత్రం మళ్ళీ "సెవెన్ వన్ జా సెవెన్" దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. తీసివేతలో సున్నాలు వస్తే ఇక అంతే. మొన్న యూనిట్ టెస్టులో 500 – 237 కి 337 వేసింది.

మావారు ట్యూషన్ పెడదామంటున్నారు. మా వీధి చివర అబాకస్ క్లాసు కూడా ఉంది. నేను బీకాం చదివాను, చెప్పగలను. కానీ నోరు తెరిస్తే చాలు, "మా మిస్ అలా చెప్పలేదు" అంటుంది. మీ ఇళ్ళల్లో ఏం చేశారో, ఏది పనిచేసిందో చెప్పండి.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
అమ్మా, ఆ 337 ని పరాకు అనుకోకండి. పాప దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది: 5 లోంచి 2 పోతే 3, సున్నా, 3 ఉన్నచోట 3, సున్నా, 7 ఉన్నచోట 7. హైస్కూల్లో ఆరో తరగతికి వచ్చిన పిల్లల్లోనూ ఇదే తప్పు ఏటా చూసేవాణ్ణి. తప్పు అని కొట్టేసి సరైన జవాబు రాసిస్తే ఆ పద్ధతి ఎక్కడికీ పోదు.

"ఎలా చేశావో చెప్పు తల్లీ" అని అడగండి. జవాబు సరిగ్గా వచ్చినప్పుడు కూడా అడగండి, ఇది ముఖ్యం. తప్పు వచ్చినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు చేసింది చెరిపేస్తారు.

ఆ తర్వాత కాయితం పక్కన పెట్టి డబ్బులు తీయండి. ఐదు వంద నోట్లు పాపకిచ్చి, 237 రూపాయలు మీకివ్వమనండి. ఇవ్వలేదు కదా. ఒక వందను పది పదులుగా మార్చుకుంటుంది. అందులో ఒక పదిని పది రూపాయి బిళ్ళలుగా మార్చుకుంటుంది. ఇప్పుడు చేతిలో 4 వందలు, 9 పదులు, 10 రూపాయలు ఉన్నాయి. 237 ఇచ్చేశాక మిగిలింది 263. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం" అని బడిలో చెప్పేది ఇదేనని అప్పుడు కళ్ళకు కనబడుతుంది. నిజం నోట్లు లేకపోతే చీటీల మీద రాసుకున్నా చాలు.

కిరాణా కొట్టు అబ్బాయి
మాస్టారూ, మేము కొట్లో తీసివేతే చెయ్యం. 237 బిల్లుకి 500 ఇస్తే, 3 రూపాయలు పెట్టి 240, 60 పెట్టి 300, ఇంకో 200 పెట్టి 500 అంటాం. చేతిలో పెట్టింది మొత్తం 263. నాన్న పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకున్నదే, బళ్ళో ఎవరూ చెప్పలేదు. మా చెల్లి కూతురికి కూడా ఇలాగే వచ్చింది. సాయంత్రం ఓ గంట గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి చాలు.

వరంగల్ నాన్న
బాగానే ఉంది గానీ పరీక్షలో ఇలా రాస్తే మార్కులేస్తారా? బడిలో ఒకటి, అమ్మ ఒకటి, కొట్లో ఒకటి చెప్తే పిల్ల ఆగమైతది. మా బాబుకు నేను బడి పద్ధతే రోజూ పది లెక్కలు చేయించిన, వచ్చేసింది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
మీ మాటా నిజమే, మూడూ ఒకే రోజు చెప్పకూడదు. ముందు నోట్లతో, అది కుదురుకున్నాక బడి పద్ధతి. కొట్టు లెక్కను జవాబు సరిచూసుకోవడానికి వాడుకోమనండి. ఇవి కాక ఇంకోటి ఉంది, పాప సరదా పడితేనే చెప్పండి: 500, 237 రెండిటిలోంచీ ఒకటి తగ్గిస్తే 499 – 236. అప్పు గొడవే లేదు.

ఎడిసన్ నాన్న
ఇక్కడ న్యూజెర్సీలో మాది ఇంకో కష్టం. గుణకారం మనలా నిలువుగా చేయించరు. 23 × 14 అంటే పెట్టె గీసి, పైన 20, 3 రాసి, పక్కన 10, 4 రాసి, నాలుగు గడులు నింపమంటారు: 200, 30, 80, 12. కలిపితే 322. మొదట్లో ఇదేం చాదస్తమని విసుక్కునేవాళ్ళం. కాసేపు చూస్తే, మనం నిలువుగా చేసే లెక్కే ఇది, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపిస్తుంది, అంతే. ఇప్పుడు మావాడే నాకు పాఠం చెప్తాడు, నేను విద్యార్థిని. గుంటూరు అమ్మగారూ, "మా మిస్ అలా చెప్పలేదు" అన్నప్పుడు "అయితే మిస్ ఎలా చెప్పారో నాకు నేర్పు" అనండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఇంకో సంగతి. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. లెక్కలంటే బాగా టెన్షన్ పడే తల్లిదండ్రులు తరచూ హోంవర్కు చేయిస్తే, ఆ ఏడాది పిల్లలు లెక్కలు తక్కువే నేర్చుకున్నారట, పైగా ఏడాది చివరికి వాళ్ళలోనూ భయం పెరిగిందట. అంతే టెన్షన్ ఉన్నా హోంవర్కులో పెద్దగా వేలు పెట్టని ఇళ్ళలో ఆ తేడా రాలేదు. మా ఇంట్లో హోంవర్కు కూర్చోబెట్టే పని నాకు పడింది ఇది చదివాకే, మా ఆవిడకు లెక్కలంటే చచ్చేంత భయం.

విశాఖ వనజ
ఎక్కాల గురించి నేను చెప్తాను. 12 ఎక్కాలు చూస్తే పిల్లలకు కొండలా కనిపిస్తుంది. 10 × 10 గళ్ళ పట్టిక గీసి, వచ్చినవన్నీ కొట్టేయమనండి. 1, 2, 5, 10 ఎక్కాలు అందరికీ వస్తాయి, అవి పోయాయి. 3 × 8 వస్తే 8 × 3 వచ్చినట్టే, ఆ జంటల్లో ఒకటి పోయింది. చివరికి మిగిలేవి 21. నిజంగా అంతే, లెక్కపెట్టుకోండి. వాటిలోనూ మూడో ఎక్కంవి చాలా తేలిక. గట్టిగా కూర్చోవాల్సినవి 6 × 7, 6 × 8, 7 × 8 లాంటి కొన్నే.

మీ పాప వరసలో అప్పజెబుతుంది కాబట్టి అది పాటలాగా నోటికొచ్చింది, విడిగా రాదు. చింతపిక్కలు ఏడు వరసలు, వరసకు ఎనిమిది పేర్చమనండి. ఐదు వరసల కింద చీపురుపుల్ల పెట్టండి. పైన 40, కింద 16. ఏడెనిమిదులు మర్చిపోయినా 56 ఎలా పట్టుకోవాలో చేతిలో ఉంటుంది.

వరంగల్ నాన్న
పిక్కలు మంచిదే, కాని చివరికి నోటికి రావాల్సిందే కదా వనజ గారూ. ఆరో తరగతిలో కసాగు (ఎల్‌సీఎం), గసాభా (హెచ్‌సీఎఫ్) మొదలైనంక ప్రతిసారీ పిక్కలు పేర్చుకుంటూ కూర్చుంటరా? నేనైతే బట్టీ వైపే.

విశాఖ వనజ
నోటికి రావాలి, కాదనను. ముందు పిక్కలు, తర్వాత చీటీలు కలిపి అడగడం. అర్థం కాకుండా బట్టీ పట్టింది సెలవుల్లో ఎగిరిపోతుంది అన్నదే నా బాధ.

అమలాపురం అమ్మమ్మ
మా చిన్నప్పుడు వేసవంతా వామనగుంటలే. ఒక్కొక్కరికి ఏడు గుంటలు, చింతపిక్కలు. ఏ గుంట తీస్తే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో మనసులో లెక్కేసుకుని తీసేవాళ్ళం. ఇప్పుడు మనవరాలితో ఆడుతున్నాను, నన్నే ఓడిస్తోంది. వైకుంఠపాళి కూడా ఆడించండమ్మా, పాముల దగ్గర ఏడ్చినా పర్లేదు.

ఇంకోటి, ముగ్గు. సందు చుక్కలు ఐదు పెట్టి పైకీ కిందికీ ఒకటి వచ్చేదాకా తగ్గించుకుంటూ వెళ్తే మొత్తం 25 చుక్కలు. ఏడుతో మొదలుపెడితే 49. మనవరాలే లెక్కపెట్టి "అమ్మమ్మా, ఐదైదులు, ఏడేడులు వస్తున్నాయి" అంది. ఇన్నేళ్ళు ముగ్గులేసినా నేను గమనించలేదు. ఎందుకలా వస్తుందో మాస్టారు చెప్పాలి.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
అమ్మా, మీ మనవరాలికి నా దండం. ఏడు చుక్కల ముగ్గులో మధ్య వరస ఏడు. దాని పైన 6, 5, 4, 3, 2, 1. కిందా అంతే. పైనున్న 6 ను అట్టడుగునున్న 1 తో జత కట్టండి, ఏడు. పై 5, కింది 2, మళ్ళీ ఏడు. ఇలా ఆరు జతలు, మధ్య వరసతో కలిపి ఏడు ఏడులు. కానీ ఇది మీరు చెప్పేయకండి. రంగు సుద్దలిచ్చి, "ఏడేసి చుక్కలు ఒక్కో రంగులో చేయగలవా" అని అడిగి వదిలేయండి. పండక్కి వేసే 15 చుక్కలు, 8 వచ్చేవరకు ముగ్గుకైతే మొత్తం 169. అది కాస్త పెద్దయ్యాక.

ఎడిసన్ నాన్న
వైకుంఠపాళిలో ఒక కిటుకు. కాయ 23లో ఉండి పాచిక 4 పడితే పిల్లలు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ జరుపుతారు. అలా కాకుండా గడిలో ఉన్న అంకెలే చదువుతూ, "24, 25, 26, 27" అంటూ జరపమనండి. లాస్కీ, సీగ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో సరిగ్గా ఇదే చూశారు, 100 గళ్ళ ఆటతో. గళ్ళలో అంకెలు చదువుతూ ఆడిన చిన్నపిల్లలకే సంఖ్యల మీద పట్టు పెరిగింది. ఆట ఒకటే, నోటితో అనే మాటలోనే తేడా. మీ పాప కన్నా చిన్నవాళ్ళున్న ఇళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

పాలమూరు టైలరక్క
మీరంతా చదువుకున్నోళ్ళు, నేను ఏడో తరగతి దాకే. మా బిడ్డ సర్కారు బడిలో ఐదు, ఇంగ్లీష్ మీడియం. నాకు ఇంగ్లీషు రాదు, లెక్క ఏమడిగిండ్రో చదవనీకే రాదు. నేనేం సాయం చేయాలె?

విశాఖ వనజ
అక్కా, పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. ఇంగ్లీష్ మీడియం పెట్టాక రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడి పుస్తకాలు రెండు భాషల్లో వేస్తున్నారు, ఇంగ్లీషు పేజీకి ఎదురుగా అదే లెక్క తెలుగులో ఉంటుంది. మీరు తెలుగు వైపు చదవండి, పాప ఇంగ్లీషు వైపు చదువుతుంది.

పైగా మీరు చేసేదే లెక్కలు కదా. జాకెట్టుకు చుట్టుకొలత 36 అయితే నాలుగో వంతు 9 అని మీరు రోజూ తీస్తారు. 34 అయితే ఎనిమిదిన్నర, 35 అయితే? టేపు పాప చేతికివ్వండి.

పాలమూరు టైలరక్క
ముప్పావు తక్కువ తొమ్మిది... కాదు కాదు, పావు తక్కువ తొమ్మిది. అవును, అది నాకు నోట్లోనే ఉంటది. బిడ్డకు పావు, అర, ముప్పావు టేపు మీద చూపిస్త. బడిలో వన్ బై ఫోర్ అంటరు, ఇదే అది అని తెల్వదు దానికి.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
అంతే తల్లీ. 1/4 పెద్దదా 1/3 పెద్దదా అంటే సగం మంది పిల్లలు 1/4 అంటారు, 4 పెద్దది కాబట్టి. కత్తిరింపు బల్ల దగ్గర పెరిగిన పిల్ల ఆ మాట అనదు. ఒకే కొలత గుడ్డముక్కలు రెండు తీసుకుని, ఒకటి మూడు మడతలు, ఒకటి నాలుగు మడతలు వేయించండి. 1/2 + 1/3 కి 2/5 అని రాసినప్పుడు కూడా, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిందేమిటి అని అడగొచ్చు.

మీ పాప ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవాలంటే, పిల్లలకు చదువు ఎంత వచ్చో చూసే ఏసర్ సర్వే వాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి అడిగే వరసే మీరూ అడగండి: ఒక అంకె గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్య గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, చివరగా మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఎక్కడ ఆగితే అక్కడినుంచి మొదలు, తరగతితో పని లేదు.

నెల్లూరు స్వాతి
అబాకస్ సంగతి ఎవరూ చెప్పలేదు. మా బాబు వెళ్ళాడు. కూడికలు చకచకా చేస్తాడు, చూడ్డానికి ముచ్చటేస్తుంది. పద సమస్యల్లో మాత్రం మార్పేం లేదు. "రాజు దగ్గర 12 గోళీలున్నాయి, సీత దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ. సీత దగ్గరెన్ని?" అంటే "ఎక్కువ" అన్న మాట చూసి 17 అంటాడు. పిల్లకు సరదాగా ఉంటే పంపండి, మీ పాప ఇబ్బందికి మాత్రం అది మందు కాదనిపిస్తుంది. మాకు పనికొచ్చింది రెండు పట్టీలు గీయడం: రాజుది పొడుగు, సీతది పొట్టి. గీశాక 7 అని వాడే చెప్పాడు.

గుంటూరు అమ్మ
అందరికీ థ్యాంక్స్ అండీ. ట్యూషన్ ప్రస్తుతానికి వద్దనుకున్నాం. నోట్లతో తీసివేత కుదిరింది, 500 – 237 తనే చేసి 263 అని చూపించింది. 499 – 236 చెప్తే "రెండూ తగ్గిస్తే జవాబు కూడా తగ్గాలి కదా" అని వాదిస్తోంది. ఎక్కాల పట్టికలో 21 గళ్ళకు 9 కొట్టేసింది.

ఇప్పుడు భాగహారం వచ్చిపడింది. 306 ని 3 తో భాగిస్తే 12 అంటుంది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
వాదించనివ్వండి, మంచి వాదన. గోడ మీద ఇద్దరి ఎత్తు గీయండి, మీదీ పాపదీ. ఇద్దరూ చెప్పులు విప్పితే మధ్య తేడా మారుతుందా అని అడగండి.

306కి, భాగహారం మొదలుపెట్టకముందే "సుమారుగా ఎంత రావచ్చు" అని రాయమనండి. 300 రూపాయలు ముగ్గురికి పంచితే తలా వంద. మరి 12 ఎలా వస్తుంది? పదుల స్థానంలో సున్నా వదిలేస్తోంది. గళ్ళ నోట్‌బుక్ వాడండి, గడికొక అంకె. పంచడానికి పదులు లేకపోయినా ఆ గడిలో సున్నా వేయాల్సిందే.

వరంగల్ నాన్న
గళ్ళ నోట్‌బుక్ సంగతి నేనూ ఒప్పుకుంటా. పెద్ద గళ్ళది తీసుకోండి, చిన్న గళ్ళవి ఐదో తరగతి దాకా వద్దు.