పెద్దవాళ్ళ ఆన్‌లైన్ లెక్కల కోర్సు: మూడో వారానికే జారిపోతున్నారు, ఎక్కడ సరిచేయాలి?

బలపం_పలక (ప్రశ్న):
ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాసే పెద్దవాళ్ళ కోసం, ఆన్‌లైన్ క్లాసులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లో లెక్కల కోర్సు పెట్టాం. ముప్ఫై నుంచి యాభై ఏళ్ళ వాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు. కుట్టుపని, పొలంపని, చిన్న కొట్టు. చదువంతా ఫోన్లోనే, అదీ ఇంట్లో పిల్లలతో కలిసి వాడే ఫోను. పాఠానికి 40 నిమిషాల వీడియో, వారానికో క్విజ్ (20 నిమిషాల టైమర్), ఆదివారం రాత్రికి అసైన్‌మెంట్. "మీరు సాధించగలరు!" అని పేజీ పేజీకీ రాశాం కూడా. అయినా మూడో వారానికి లాగిన్లు పడిపోతున్నాయి.

రాత్రిబడి:
ముందు ఆ "సాధించగలరు" తీసేయండి. చీటీ పాట నడిపే మనిషికి ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు చెబితే చిన్నబుచ్చినట్టే. మీ సానుభూతి సెట్టింగుల్లో కనపడాలి.

క్విజ్ టైమర్ ఆపేయండి. నెట్ పోయినా సర్వర్లో టైమర్ నడుస్తూనే ఉంటుంది. మళ్ళీ సిగ్నల్ వచ్చేసరికి పరీక్ష అయిపోయి ఉంటుంది. అటెంప్ట్‌లకు హద్దు పెట్టకండి, గ్రేడింగ్‌లో "హయ్యెస్ట్ గ్రేడ్" ఎంచుకోండి. అసైన్‌మెంట్‌లో డ్యూ డేట్, కట్-ఆఫ్ డేట్ వేరువేరు. మొదటిది దాటితే ఆలస్యమని చూపిస్తుందంతే, రెండోది దాటితేనే తలుపు మూస్తుంది. మధ్యలో పది రోజులు ఇవ్వండి.

ఇక పాస్‌వర్డ్. మామూలుగా మూడుల్ ఎనిమిది అక్షరాలు, అందులో ఒక పెద్ద అక్షరం, ఒక చిన్నది, ఒక అంకె, ఒక గుర్తు అడుగుతుంది. తెలుగు కీబోర్డు మీద ఉన్నవాళ్ళకి ఆ పెద్ద అక్షరమూ గుర్తూ వెతకడమే ఒక పరీక్ష. సైట్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఆ రెండూ సున్నా చేసి, పొడవు పది చేయండి.

అంకెల_బుట్ట:
సెట్టింగులు సరే, పాఠం మాటేంటండీ? బారువడ్డీయే తీసుకోండి. పుస్తకం "సంవత్సరానికి 24 శాతం" అంటుంది. వీళ్ళకి తెలిసింది "నూటికి రెండ్రూపాయల వడ్డీ", అంటే నెలకి. 15,000కి ఎనిమిది నెలలకెంత అంటే 150 × 2 × 8, 2,400 అని నోటితోనే చెప్పేస్తారు. అదే సూత్రంలో వేయమంటే రేటు దగ్గర 2, కాలం దగ్గర 8/12 వేస్తారు. 200 వస్తుంది. లెక్క రాక కాదు, నెల రేటుకి ఏడాది కాలం తగిలించడం వల్ల. కాబట్టి నోటిలెక్కతో మొదలుపెట్టి, రెండు పన్నెండ్లు ఇరవైనాలుగని చూపించి, ఆ తర్వాతే సూత్రం రాయండి.

న్యూమరికల్ ప్రశ్నలో ఒకటికంటే ఎక్కువ జవాబులు పెట్టుకోవచ్చు. 2400కి పూర్తి మార్కులు. 200ని కూడా జవాబుగా చేర్చి, సున్నా మార్కులిచ్చి, ఫీడ్‌బ్యాక్‌లో "మీరు నెల వడ్డీ వేశారు, కాలాన్ని మాత్రం ఏళ్ళలోకి మార్చారు. రెండూ ఒకే లెక్కలో ఉండాలి" అని రాయండి. ఉత్త "తప్పు" అన్న ఎర్ర ముక్క ఎవరికీ ఏమీ నేర్పదు. "ఇంటరాక్టివ్ విత్ మల్టిపుల్ ట్రైస్" (తప్పితే అదే ప్రశ్న మళ్ళీ ప్రయత్నించనిచ్చే పద్ధతి) పెడితే ప్రతి ప్రశ్నకీ తప్పు ప్రయత్నానికి పెనాల్టీ 33.33 శాతం ముందే ఉంటుంది, అది సున్నా చేయడం మరిచిపోకండి. "2,400" అని కామాతో, "2400 రూ" అని కొడితే ఏమవుతుందో మీరే ఓసారి కొట్టి చూడండి.

వత్తుల_గోల:
పీడీఎఫ్‌లు అను ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవేనా? అయితే ఫోన్లో వెతకడం కుదరదు, చదివి వినిపించే యాప్ పిచ్చి అక్షరాలు చదువుతుంది. యూనికోడ్‌లోకి మార్చి వెబ్ పేజీగానే పెట్టండి, జూమ్ చేసి పక్కకి జరుపుకునే బాధ తప్పుతుంది. లైన్ హైట్ (వరసల మధ్య ఎడం) 1.7 ఉంచండి. ఇంగ్లిష్ థీముల్లో అది బిగుతుగా ఉంటే కింది వత్తు తర్వాతి వరసలోని గుడిని తాకుతుంది. నలభై దాటిన కళ్ళకి అక్షరం సైజు 18 పిక్సెళ్ళకి తగ్గకూడదు.

అటెండెన్స్_రిజిస్టర్:
టైమర్ తీసేయడం ఒప్పుకుంటాను. అన్ని గడువులూ వదులు చేయడం మాత్రం ఒప్పుకోను. పది రోజుల కట్-ఆఫ్ అంటే రెండు వారాల పని ఒకేసారి నెత్తిన పడుతుంది, అక్కడే వదిలేస్తారు. వారానికి ఒక్క పనే పెట్టండి, అదీ అరగంటలో తెమిలేది. నాట్లు, పెళ్ళిళ్ళు అడ్డొచ్చినవాళ్ళకి యూజర్ ఓవర్‌రైడ్‌లో విడిగా తేదీ మార్చండి. వారంలో ఒక రోజు రాత్రి ఎనిమిదిన్నరకి అరగంట లైవ్ క్లాసు పెట్టండి.

బలపం_పలక:
పిల్లలు పడుకుంటేగానీ ఫోన్ చేతికి రానివాళ్ళకి ఎనిమిదిన్నర కుదరదండీ. 40 నిమిషాల వీడియోల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

రాత్రిబడి:
వీడియోని ఆరేసి నిమిషాల ముక్కలు చేయండి, ఒక్కో ముక్కకి ఒక్కటే లెక్క. సెకనుకి 300 కిలోబిట్ల దగ్గర ముక్క 13.5 ఎంబీ అవుతుంది. లైవ్ తప్పినవాళ్ళకి ఆడియో చాలు: 32 కిలోబిట్ల మోనోలో పదిహేను నిమిషాలు 3.6 ఎంబీ, వాట్సాప్‌లో పంపేయొచ్చు, మిషన్ కుడుతూ వింటారు. కాకపోతే చెప్పేవాళ్ళు "ఇదిగో ఇది అక్కడికెళ్తుంది" అంటే పనికిరాదు. "పదిహేను వేలని నూటితో భాగిస్తే నూటయాభై" అని ప్రతి అంకే నోటితో పలకాలి.