అప్‌డేట్: బీచ్ ట్రెక్ తర్వాత వచ్చిన పొక్కులు, కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదా, ఎనిమిది మందిమి దీవిలో అడవి దారిన రెండు గంటలు నడిచి, ఎవరూ లేని బీచ్‌కి వెళ్లొచ్చాక నలుగురికి ఒకటే దురద, ఎర్రటి పొక్కులు అని. చాలామంది దారిలోని మొక్కలనే అనుమానించారు. నేనూ అదే అనుకున్నా. కాదు.

"పొక్కులు ఒంటిమీద ఎక్కడున్నాయో చూడండి" అన్నవారికి దండం. చూస్తే అన్నీ ఈతకి వేసుకున్న బట్టల కిందే, నడుము పట్టీ దగ్గర మరీ గుత్తులుగా. పొదల్లో గీరుకుపోయిన పిక్కల మీద ఒక్కటి లేదు! నీళ్లలో దిగనివాళ్లకి అసలేమీ కాలేదు.

స్కిన్ డాక్టర్ చూడగానే చెప్పేశారు: జెల్లీఫిష్ లార్వాలు (వాటి పిల్లలు). కంటికి ఆనవు. బట్టకీ ఒంటికీ మధ్య ఇరుక్కుని కుడతాయి. ఎండకని టీషర్ట్‌తో ఈదినవాడికి వీపంతా వచ్చింది అందుకే. పైగా మేం అవే బట్టలతో వాగులో మునిగాం. మంచినీళ్లు తగిలితే బట్టల్లో మిగిలిన వాటి కుట్టే కణాలు కూడా పేలతాయట. ముందు తడిబట్టలు విప్పి, తర్వాత స్నానం చేయాలి.

హైడ్రోకార్టిసోన్ క్రీమ్, అలర్జీ మాత్ర ఇచ్చారు. పది రోజుల్లో తగ్గింది. ఒక మహానుభావుడు మాత్రం ఉతక్కుండా అదే షార్ట్ వేసుకుని మళ్లీ తెచ్చుకున్నాడు (ఎండిపోయాక కూడా ఆ కణాలు కుడతాయి). వేడినీళ్లలో సబ్బుతో ఉతికాక ఇబ్బంది లేదు.

అప్పుడు కొందరు అనుమానించిన సన్‌స్క్రీన్, దోమలు, షూ మార్చమన్న సలహా, వేటికీ దీంతో సంబంధం లేదు. కలబంద రాస్తే కాసేపు చల్లగా ఉంది, అంతే. అందరికీ థ్యాంక్స్.